పస్తుల మొక్కకు పద్దు లేదు

బెంగళూరులో అడ్వాన్సు కట్టకుండా చెరువు ముందరి స్థలం కొట్టేసినది గుర్రపుడెక్క ఒక్కటే. సొంతూరు దక్షిణ అమెరికా. పువ్వు ముచ్చటగా ఉందని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చుకున్నారు. కడప నుంచి వచ్చి మారతహళ్ళిలో అద్దెగది వెతుక్కునే మనవాణ్ణి "కన్నడ వచ్చా?" అని నిలదీసే ఊరు, దీన్ని ఏ భాషలోనూ ఏమీ అడగలేదు.

దాని తప్పేముంది? ఊరు వడ్డించింది, అది తింది. ఇళ్ళ మురుగు, సబ్బుపొడుల్లోని ఫాస్ఫేటు, మూడు పూటలా విందే. ఆ మురుగే 2015లో బెళ్ళందూరు చెరువు నురగను రోడ్డెక్కించింది. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువుకే నిప్పంటుకుంది. ఆర్పడానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారని అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇదే నగరం చుట్టుపక్కల తడి నేలల్లో డ్రోసెరా అనే మొక్క ఉంది. అర్ధరూపాయి బిళ్ళంత. ఆకు నిండా ఎర్రటి నూగు, ప్రతి నూగు కొసనా జిగురు బొట్టు. దోమ వాలితే అంటుకుపోతుంది, చుట్టూ ఉన్న నూగు దాని మీదికి వంగుతుంది. సారంలేని నేలలో పురుగులు తిని బతకడం దాని వృత్తి. నేలకు మురుగు సారం తగిలిందా, పక్కనున్న కలుపు ఏపుగా లేచి ఎండ పడనివ్వదు. పేదరికమే ఆస్తి అయిన ఈ జీవికి ఏ పథకంలోనూ అర్హత లేదు.

గుర్రపుడెక్క తీయడానికి టెండరుంది, యంత్రముంది, బిల్లుంది, ఫొటో ఉంది. డ్రోసెరాకు చేయాల్సిందల్లా మురుగు వదలకుండా, మట్టి పోయకుండా, పచ్చదనమంటూ చెట్లు నాటకుండా ఊరుకోవడం. ఊరుకున్నందుకు బిల్లెలా పెడతారు?

గుర్రపుడెక్కకు మందు తెలియక కాదు. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ 1980ల్లోనే నియోచెటినా అనే ముక్కుపురుగుల్ని విదేశం నుంచి తెప్పించి నగర చెరువుల్లో వదిలింది. పెద్దవి ఆకు గీకుతాయి, పిల్లలు కాడలో సొరంగం తవ్వుతాయి. జీతం లేదు, కమీషన్ లేదు, అయినా గెలిచి చూపించాయి. కానీ ఊరు వడ్డన ఆపకపోతే పురుగు మాత్రం ఎంతని తింటుంది?

అందుకే నాదొక మనవి. డ్రోసెరాను కూడా బెడదగా ప్రకటించి, నిర్మూలనకు టెండరు పిలవండి. మన కాంట్రాక్టర్ల చేతిలో పడ్డ కలుపు ఇంతవరకు తగ్గిన దాఖలా లేదు.