మాస్టారి పలుకులు

మా ఇంట్లో పప్పు సరిగ్గా ఉడకదు. తప్పు కుక్కరుది కాదు, మాస్టారిది. మాస్టారంటే మా ఆఫ్రికన్ గ్రే చిలుక. ఒళ్లంతా బూడిద రంగు, తోక మాత్రం ఎర్రగా. రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి దీన్ని కాగితాలతో సహా తెచ్చుకున్నాం. కుక్కరు ఒక విజిల్ వేస్తే మాస్టారు రెండు వేస్తాడు. మా ఆవిడ మూడూ లెక్కపెట్టి స్టవ్ కట్టేస్తుంది. ఎవరి విజిలైనా సరే, మా బుజ్జిగాడు చెవులు మూసుకుంటాడు, సుబ్బులు మంచం కిందికి దూరుతుంది. సుబ్బులు వీధిలోంచి నడిచొచ్చిన కుక్క. చిలుకకు రిజిస్ట్రేషన్ ఉంది, బుజ్జికి సదరం సర్టిఫికెట్ ఉంది. ఏ ధ్రువీకరణా లేకుండా తిరుగుతున్నది మేమిద్దరం, సుబ్బులు.

బుజ్జికి ఆటిజం. సొంతంగా మాట కూర్చుకోవడం వాడికి కష్టం. విన్నదాన్ని మాత్రం యాసతో, రాగంతో సహా దాచుకుని ఎన్నాళ్లకో బయటికి తీస్తాడు. ఎకోలేలియా అంటారు. 1943లో రాసిన వ్యాసంలో లియో కానర్ అనే డాక్టరు ఇలాంటి పిల్లల మాటల్ని చిలుక పలుకులతోనే పోల్చాడు. పాపం ఆయన మా ఇల్లు చూడలేదు. ఇక్కడ చిలుకే బుజ్జి దగ్గర నేర్చుకుంటుంది. నేను బాత్రూంలో ఆలస్యం చేస్తే తలుపవతల సికింద్రాబాద్ స్టేషన్ మోగుతుంది: "మరికొద్ది సేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చును." త్వరగా బయటికి రా నాన్నా అని దానర్థం. స్పీచ్ థెరపిస్టు దాన్నీ సంభాషణ కిందే జమ కట్టమంది. కొన్నాళ్లకి మాస్టారూ అదే అందుకున్నాడు. ఇప్పుడు చాటు నుంచి వింటే ఏది ఎవరి గొంతో మాకే తెలియదు.

మా మేనత్తకు మాస్టారంటే ప్రాణం. బుజ్జిని చూస్తే "పాపం" అంటుంది, సుబ్బుల్ని చూస్తే "ఛీ" అంటుంది. పోయిన దసరాకి వచ్చినప్పుడు నన్ను బాల్కనీలోకి లాక్కెళ్లి, పంజరం పక్కన నిలబెట్టి ఏదో గుసగుసగా చెప్పింది. ఏమిటట అని మా ఆవిడ అడిగితే బంగారం రేటన్నాను.

మొన్న మళ్లీ వచ్చింది. సోఫాలో కూర్చుందో లేదో, బాల్కనీ కర్టెన్ వెనక నుంచి, "అమ్మాయ్, కాఫీలో చక్కెర తగ్గించు. షుగరుంది కదా!"

అత్త మురిసిపోయింది. "అచ్చం నా గొంతే! ఒరేయ్, ఎప్పుడో దసరాకి అన్నమాట!"

"మరికొద్ది సేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చును" అంది కర్టెన్. అప్పుడే మా ఆవిడ కాఫీ కప్పుతో వంటింట్లోంచి వస్తోంది. అత్త పగలబడి నవ్వింది.

"చూశావుట్రా సమయస్ఫూర్తి! కాఫీ వస్తోందని ఎంత చక్కగా చెప్పిందో! నోరులేని పిట్టకి ఇంత జ్ఞాపకం, ఇంత తెలివి! ఏం చేస్తాం, మన బుజ్జిగాడికి ఇందులో పావలా వంతున్నా మీకీ అవస్థ లేకపోను."

మా ఆవిడ కప్పు అందించింది. "మాస్టారు ఈకలు పీక్కుంటున్నాడని నిన్న పశువుల డాక్టరు దగ్గర ఉంచి వచ్చాం అత్తయ్యా. పంజరం ఖాళీగా ఉంది. బాల్కనీలో ఉన్నది బుజ్జి."

అత్త చేతిలో కప్పు చప్పుడైంది. ఆవిడ ఇంకా మాట వెతుక్కుంటూ ఉండగానే కర్టెన్ వెనక నుంచి, ఆవిడ గొంతుతోనే, ఈసారి గుసగుసగా:

"మన వంశంలో ఇలాంటివాళ్లు లేరురా. ఆ అమ్మాయి వైపు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో."