సంతకం పెట్టమ్మా, మార్కులేస్తరట!

పెద్దోళ్లను క్యాన్సర్ పరీక్షకు ఒప్పించే బాధ్యత ఇక బడిపిల్లలదేనట. శభాష్! మరుగుదొడ్డి కట్టించమని తండ్రిని బతిమాలింది వాళ్లే, ఓటేస్తనని సంకల్ప పత్రం మీద తల్లితో సంతకం పెట్టించుకొచ్చింది వాళ్లే. క్యాన్సర్ ఒక్కటే మిగిలింది. ఆరోగ్య శాఖ నిమ్మళంగా కునుకు తీయొచ్చు.

మా ఎర్రవల్లికి సంబురాలు కొత్త కాదు. కేసీఆర్ దత్తత ఊరు. 2015లో అయుత చండీయాగం చూసింది, 2016లో డబుల్ బెడ్రూం ఇండ్ల గృహప్రవేశాలు చూసింది. ఫిబ్రవరి 4న క్యాన్సర్ దినం పేరు మీద ఒక ర్యాలీ ఎంత పని? ఫొటో కాగానే ప్లకార్డులు బీరువా వెనక్కి పోతయి.

అసలు ముచ్చట సంతకం కాయితంది. 'పరీక్ష చేయించుకుంటనని నా బిడ్డకు మాటిస్తున్న', కింద ఒక గీత. తల్లి పత్తి చేనుకు పోయింది. పొద్దుగూకేదాకా పిలగాడు ఆగుతడా? ప్రోగ్రెస్ కార్డు మీద నాయిన సంతకం దించిన చెయ్యే అమ్మది కూడా దించుతది. సారు కాయితాలు లెక్కబెట్టి మండలానికి పంపుతడు, మండలమోళ్లు జిల్లాకు. సంతకాలు వందకు వంద, దవాఖాన మెట్లెక్కిన తల్లి ఒక్కతి లేదు.

బుద్ధిమంతుడైతే నిజంగనే అడుగుతడు. "అమ్మా, సంతకం పెట్టు, మార్కులేస్తరట." "దేనికి బిడ్డా?" ఇగ పద్నాలుగేండ్ల మగపిలగాడు గర్భసంచి ముఖద్వారం గురించి తల్లికి వివరించాలె. సైన్సు సారేమో ఆ పాఠాన్ని 'ఇంటికాడ చదువుకోండ్రి' అని ఎప్పుడో దాటేసిండు! తండ్రి మాత్రం అడ్డంగ గీకి, "పోయి తంబాకు పొట్లం పట్టుకరా" అని అదే పిలగాన్ని కిరాణం దుకాణానికి తోలుతడు.

నవ్వింది చాలు. ముప్పై దాటినోళ్లకు నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం చూడాలని కేంద్రం కార్యక్రమం ఉన్నదే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 30-49 ఏండ్ల ఆడోళ్లల్ల ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా అయినోళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతం. పిల్లలు చెప్పకనా? ముంబై బస్తీలల్ల టాటా మెమోరియల్ వాళ్లు పదో తరగతి చదివిన ఆడోళ్లకే ఈ పరీక్ష చేసే పని నేర్పిండ్రు. వెనిగర్ లాంటి పలుచటి ద్రావణం పూసి, తెల్లమచ్చ తేలుతదా అని చూసుడే. ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గినయని 2013లనే లోకానికి చెప్పిండ్రు. పదో తరగతి చదువుకు అక్కడ దక్కింది శిక్షణ. ఇక్కడ దక్కుతున్నది అట్టముక్క.

మన రాష్ట్రంల 2023 మార్చి 8న మొదలైన 'ఆరోగ్య మహిళ' క్లినిక్‌లల్ల మంగళవారం ఆడోళ్లదే. మంచిదే. పత్తి ఏరుడుకు మంగళవారం సెలవుందా? దుబ్బాక దిక్కు పొగాకు దుమ్ములనే కూసోని బీడీలు చుట్టే తల్లికి ఆ పూట కూలి ఎవరు కట్టిస్తరు? మచ్చ కనబడితే హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన దాకా తోడెవరు? బస్సు ఫ్రీ, ఒప్పుకుంట. లైన్ల నిలబడ్డ దినాలకు పైసలియ్యుండ్రి. ఆశమ్మలు రోడ్డెక్కి అడుగుతున్న నెలకు 18 వేల జీతం ఇయ్యుండ్రి. ఇల్లిల్లు తిరిగి చెప్పే కొలువు వాళ్లది. మా పిలగాండ్లకు లెక్కల పరీక్షున్నది, వాళ్లనిడిసిపెట్టుండ్రి.