ఆరోజు నువ్వు లేవు

మా వీధిలో ఆయన అసలు పేరుతో పోస్టుమ్యాన్‌కి, పింఛనిచ్చే బ్యాంకుకి తప్ప ఎవరికీ పనిలేదు. మాకాయన ‘ఆరోజు’గారు. ఎదురుపడితే మాత్రం బాబాయ్‌గారూ అంటాం. కచేరీ మాట ఎక్కడ వినబడినా కండువా ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చి, "ఆరోజు నువ్వు లేవులే!" అని మొదలుపెడతారు. నిజమే, నేను లేను. కొన్నిసార్లు అప్పటికింకా పుట్టి కూడా లేను. అది కూడా నా నిర్లక్ష్యం కిందే జమకడతారు.

ఆయనా, విజయవాడ రేడియో కేంద్రమూ ఒకే ఏడాది, 1948లో పుట్టారు. తేడా ఏమిటంటే, రేడియోకి మీట ఉంది.

సర్కారు కొలువు చేసినన్నాళ్ళూ తన సెలవులన్నీ ఒకే ఒక్క గాత్ర విద్వాంసుడికి ధారపోశారు. ఆ విద్వాంసుడి పేరు చెప్పను. చెబితే ఈ ఊళ్ళో సగంమంది ‘ఆయన్నే అంటావా’ అని మీదికొస్తారు, మిగతా సగం ‘అంతకన్నా ఘోరమైంది నేను విన్నాను’ అని వస్తారు. రెండోవాళ్ళే ప్రమాదం. వాళ్ళు తొందరగా వెళ్ళరు.

అంత వీరాభిమాని గదా, గొప్ప కచేరీల గురించి చెబుతారనుకుంటాం. చెప్పరు. ఆయన దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో నలభయ్యేళ్ళ ఆహ్వానపత్రికలు. ఒక్కోదాని వెనక పెన్సిలుతో ఆనాటి కచేరీ జాతకం. బాగున్నవాటి వెనక ఒకటే మాట: ‘దివ్యం.’ బాగాలేనివాటి వెనక చోటు చాలక, అంచుల వెంబడి గుండ్రంగా రాసుకుంటూ పోయి, అదీ చాలక విడికాగితం గుండుసూదితో గుచ్చారు. తుప్పు పట్టిన గుండుసూదుల లెక్క చూసి ఆయన భక్తి ఎంతో చెప్పొచ్చు.

ఆదివారం పొద్దున ఆయన అరుగు మీద సభ కూడుతుంది. బాబాయ్‌గారు, ఒక రిటైర్డు బ్యాంకు మేనేజరు, ఆడపిల్లల స్కూల్లో సంగీతం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న టీచరమ్మగారు. నేను కాఫీ గ్లాసులు అందించే హోదాలో. అజెండా ఎప్పుడూ ఒకటే: విద్వాంసుడు పాడినవాటిలో అన్నిటికన్నా అధ్వాన్నమైన కచేరీ ఏది?

మేనేజరుగారు అంకెల మనిషి. "రాజమండ్రి. ఆరూ ముప్ఫై అయిదుకి వర్ణం, ఏడూ నలభై అయిదుకి మంగళం. అంతా కలిపి డెబ్భై నిమిషాలు! మూడు గంటల కచేరీ అని బస్సు టిక్కెట్టు కొనుక్కుని పోతే..."

"గొంతు పట్టేసిందయ్యా ఆయనకి. శ్రుతి అరమెట్టు దించి పాడారు పాపం. జలుబు లెక్కలోకి రాదు, అది దైవికం" అని బాబాయ్‌గారు కొట్టేశారు.

ఈ పోటీకి నిబంధనలున్నాయి మరి. వాన, కరెంటు కోత, జలుబు చెల్లవు. మైకు గోల కూడా చెల్లదు. "మృదంగం పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటివాడు మైకుల మీద అలిగాడంటే అలగడూ మరి!" అంటారే గాని ఆ నేరం విద్వాంసుడి ఖాతాలో వెయ్యరు. దోషం అచ్చంగా ఆయనదే అయి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది, చెప్పేవాడు మంగళం దాకా కదలకుండా కూర్చుని ఉండాలి. మృదంగం తనియావర్తనం మొదలవగానే కాఫీకని లేచిపోయినవాడికి ఓటు హక్కు లేదు.

టీచరమ్మగారు అందుకున్నారు. "తెనాలిలో కల్యాణి అన్నయ్యగారూ! ఎత్తుగడ ఎంత బావుంది! రెండో నిమిషంలో శుద్ధ మధ్యమం పడింది."

అరుగంతా నిశ్శబ్దం. సంగీతంతో పరిచయం లేనివాళ్ళకు చెబుతున్నాను: కల్యాణికి ప్రతిమధ్యమం ప్రాణం. అది తీసి శుద్ధమధ్యమం పెడితే, పెళ్ళిపీటల మీద కల్యాణి ఉండాల్సినచోట శంకరాభరణం కూర్చుంటుంది.

"ఒక్కసారేనా?" అన్నారు బాబాయ్‌గారు, డాక్టరు అడిగినట్టు.

"రెండు."

"ఒకటి ఫిడేలాయనదేమో."

"ఫిడేలాయన ఉలిక్కిపడి కమాను ఎత్తేశాడు. నేను చూశాను."

ఇహ తన బ్రహ్మాస్త్రం తియ్యక తప్పలేదు బాబాయ్‌గారికి. కండువా భుజం మారింది. "ఆరోజు మీరెవ్వరూ లేరులే! గుడివాడ. శ్రీరామనవమి పందిరి. మృదంగం తొప్పికి పెట్టడానికి కాస్త రవ్వ కావాలని ఆ అబ్బాయి అడిగితే కమిటీవాళ్ళు ఉప్మా పట్టుకొచ్చారు. అదీ జీడిపప్పుతో. అక్కడితో ఆగిందా? రాగం తానం పల్లవి ఎత్తుకున్నారు. ఆది తాళం. చిన్నపిల్లాడు కూడా వేసే ఆది తాళం! ముందు వరసలో పదిమందిమీ తొడలు వాచిపోయేలా తాళం వేస్తున్నాం. ఎత్తుగడ దగ్గర దిగాల్సిన ఆయన ఒక అక్షరం అవతల దిగారు. మళ్ళీ వెళ్ళారు, ఈసారి ఒకటి ఇవతల దిగారు. మూడోసారి..." అని గొంతు పూడుకుపోయి ఆగారు. ఇంట్లో పెళ్ళయినంత వెలుగు మాత్రం ఉంది మొహంలో.

లోపల్నుంచి పిన్నిగారి గొంతు: "నలభయ్యేళ్ళుగా బాలేదు, బాలేదంటూనే ముందు వరసలో కూర్చుంటారు. నేను చేసిన కూర ఒక్కపూట బాలేకపోతే పళ్ళెం తోసేస్తారు!"

"కూర వేరు, కల్యాణి వేరు" అన్నారు బాబాయ్‌గారు. అరుగు మీదివాళ్ళం తలలూపాం. నేను కొంచెం తక్కువ ఊపాను. ఆ ఇంట్లో కాఫీ పెట్టేది పిన్నిగారు.

ఇలా ఉండగా మేడ మీద కొత్తగా అద్దెకు దిగిన కుర్రాడు మెట్లు దిగుతూ, నలుగురూ ఒకటే మాట మీదున్నారు గదా అని, మర్యాదకే, "అవునండీ, ఆయన కచేరీకి నేనూ వెళ్ళాను. పెద్దగా బాలేదండీ" అన్నాడు.

వాడి అదృష్టం బాగాలేదు. మేనేజరుగారు కళ్ళజోడు తీశారు. "ఏం పాడారు?"

"తెలుగు పాటలేనండీ."

"ఏ రాగం?"

"అది తెలీదండీ."

"రాగం తెలీదు గాని బాలేదని తెలిసిందా?" అని టీచరమ్మగారు. "ఏ వరసలో కూర్చున్నావు నాయనా? మంగళం విన్నావా?" అని బాబాయ్‌గారు. కుర్రాడు తొమ్మిదిన్నర బస్సు కోసం మధ్యలో లేచానని ఒప్పేసుకున్నాడు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి వాడికి విద్వాంసుడి గొప్పతనం అరగంట చెప్పారు. తెనాలి కల్యాణి ఎత్తుగడ ఎంత బాగుందో కూడా చెప్పారు, మధ్యమం ఊసెత్తకుండా. ఇంటివాణ్ణి ఇంటివాళ్ళు తిట్టుకోవచ్చు గాని అద్దెకున్నవాడు తిడితే ఎలా?

అమెరికాలో ఉన్న మనవడు ఓసారి వీడియో కాల్‌లో బాబాయ్‌గారికొక కథ చెప్పాడు. 1966 మే 17న మాంచెస్టర్‌లోని ఫ్రీ ట్రేడ్ హాల్లో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని పాడుతుంటే, పాత పద్ధతి వదిలేశాడన్న ఉక్రోషంతో జనంలోంచి ఎవరో ‘జూడాస్!’ అని అరిచారు. ఆ రికార్డింగు లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ అనే తప్పుడు పేరుతో ఏళ్ళ తరబడి దొంగచాటుగా చేతులు మారి, 1998లో గాని అధికారికంగా బయటికి రాలేదు. తీరా ఇన్నేళ్ళ తర్వాత, అరిచింది నేనంటే నేనని ఇద్దరు చెప్పుకున్నారు. ఇది విని బాబాయ్‌గారు చాలాసేపు ఫోన్లోకి చూస్తూ ఉండిపోయి, "ఇద్దరేనా?" అన్నారు. ఆరోజు నుంచి మాంచెస్టర్ అంటే ఆయనకి తెనాలి పక్క ఊరే.

క్రిందటి నెల బాబాయ్‌గారికి మోకాలి ఆపరేషనయింది. సరిగ్గా ఆ వారమే మా ఊళ్ళో విద్వాంసుడి కచేరీ. ఆయన తరఫున నన్ను పంపారు, పెన్సిలిచ్చి.

ఏం చెప్పను! చరణంలో సాహిత్యం మరిచిపోయారు. మరిచిపోయి ఫిడేలాయన వంక చూశారు. ఫిడేలాయన మృదంగం వంక చూశాడు. మృదంగం ఆయన పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు. పాడిన పల్లవే మళ్ళీ పాడారు, మళ్ళీ పాడారు. కళ్ళు మూసుకున్నారు గనక మేం భావం అనుకోవాలి కాబోలు. మంగళం దాకా కదల్లేదు నేను. ఇంటికొచ్చేసరికి ఆహ్వానపత్రిక వెనక చోటు అయిపోయింది.

ఆ రాత్రి బాబాయ్‌గారు మంచం మీంచే, "ఎలా పాడారురా?" అన్నారు. నాకొక సంగతి తట్టింది. బాగుందంటే ఓర్చుకుంటారు, బాగున్నవి ఆయన చాలా విన్నారు. బాలేదంటే మాత్రం, తాను లేకుండా బాలేకపోయినందుకు, ఆ కాలు ఆరునెలల దాకా నయం కాదు.

"దివ్యం" అన్నాను. అమ్మయ్య అని అటు తిరిగి పడుకున్నారు.

మూడు ఆదివారాలు నోరు కట్టుకున్నాను. నాలుగో ఆదివారం అరుగు మీద మళ్ళీ గుడివాడ వచ్చింది, ఉప్మా వచ్చింది, అక్షరం అవతల దిగడమూ ఇవతల దిగడమూ వచ్చాయి. నేనేదో అనబోతే బాబాయ్‌గారు చెయ్యెత్తి, "ఆరోజు నువ్వు లేవులే!" అన్నారు.

చేతిలో ఉన్న కాఫీ గ్లాసు గోడ మీద పెట్టాను. నాకు కండువా లేదు. జేబురుమాలే ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చి, గుండుసూది గుచ్చిన ఆహ్వానపత్రిక చొక్కా జేబులోంచి తీశాను.

"బాబాయ్‌గారూ, క్రిందటి నెల మీరు లేరు."