మేష్టారు ఏ పార్టీ అండీ?

కోనసీమ ఊళ్ళలో పార్టీ లేనిది ఇప్పుడు అంబాజీపేట మార్కెట్‌కెళ్ళే కొబ్బరికాయ ఒక్కటే. టీ కొట్టుకు పార్టీ ఉంది. సెలూన్‌కు పార్టీ ఉంది. రామాలయం కమిటీకి రెండున్నాయి. పెళ్ళి భోజనాల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో మొన్నటి ఓట్ల లెక్కింపే తేల్చేసింది. ఒకే గోడకు అటూ ఇటూ కాపురమున్న అన్నదమ్ములు చెరో న్యూస్ చానల్ పెట్టుకుని, అవతలివాడికి వినపడాలని సౌండు పెంచుకుంటారు.

ఇంత పద్ధతిగా పంచుకున్న ఊళ్ళో పంపకానికి రాకుండా ఒకడు మిగిలిపోయాడు. సర్కారు బడి మేష్టారు. రాజకీయాల జోలికి పోకూడదని 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ఆయన చేతులు కట్టేసింది. పార్టీ లేని మనిషిని చూస్తే ఊరికి నిద్ర పట్టదు.

"ఏవండీ మేష్టారూ, మీరు మనోళ్ళేనాండీ?"

"నేను అందరివాణ్ణండీ."

"ఆయ్. అంటే అటోళ్ళన్నమాట."

అటువాళ్ళు అడిగినా ఆయన ఇదే జవాబు చెబుతాడు. వాళ్ళూ "ఆయ్" అనుకుంటూనే వెళ్ళిపోతారు. మేష్టారు అవతలి పార్టీ మనిషేనని రెండు పార్టీలూ నిర్ధారించుకుంటాయి. ఐదేళ్ళలో వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన అంశం ఇదొక్కటే.

నాయకుల సంగతి వేరు. వాళ్ళకి ఈ పట్టింపులు లేవు. రాజోలులో 2019లో గాజుగ్లాసు గుర్తు 814 ఓట్లతో గెలిచింది. రాష్ట్రం మొత్తమ్మీద ఆ పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు అది. గెలిచిన రాపాక వరప్రసాద్ ఎంతో కాలం గడవకుండానే ఫ్యాను గాలికి చేరారు. కొత్తపేటలో 2004 నుంచి ఐదు ఎన్నికల్లోనూ చిర్ల జగ్గిరెడ్డో, బండారు సత్యానందరావో, ఈ ఇద్దరిలో ఒకరే గెలుస్తూ వచ్చారు. మధ్యలో పార్టీలు పుట్టాయి, పోయాయి, గుర్తులు మారాయి. 2019లో ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్న సైకిలూ, గాజుగ్లాసూ 2024లో ఒకే లారీ ఎక్కి దండలు వేయించుకున్నాయి. పైన ఇంత తేలిగ్గా కలిసిపోయే సరుకు కింద గోడ దగ్గర మాత్రం గడ్డకట్టుకుపోతుంది. ఎమ్మెల్యే కండువా మారిస్తే అది వ్యూహం. మేష్టారు ఒక ఇంట్లో కాఫీ తాగి రెండో ఇంట్లో తాగకపోతే అది పక్షపాతం.

ఇక బడిలోకి వద్దాం. బడి బాగోగులు తల్లిదండ్రులే చూసుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం యాజమాన్య కమిటీలు పెట్టమంది. మంచి మాట. మన దగ్గర ఆ కమిటీకి 2019 సెప్టెంబరులో ఎన్నికలు జరిగాయి, 2024 ఆగస్టు 8న మళ్ళీ జరిగాయి. సెకండరీ గ్రేడ్ మేష్టారు ఆ ఒక్కరోజుకి రిటర్నింగ్ అధికారి అయ్యాడు. ఐదో తరగతి గదిలో పిల్లల బెంచీల మీద తల్లులు ఒదిగి కూర్చుంటారు. చేతులెత్తమంటాడు మేష్టారు. మూడో బెంచీలో ఒకావిడ చెయ్యి సగం లేచి, చెవి దగ్గర ఆగి, జుట్టు సర్దుకున్నట్టు కిందికి దిగుతుంది. కిటికీ అవతల ఆవిడ బావగారు నిలబడి ఉన్నాడు. ఆ సగం చెయ్యి ఓటా, జుట్టా? మేష్టారే తేల్చాలి. ఓటంటే ఒక వర్గం పిటిషన్ పెడుతుంది, జుట్టంటే రెండో వర్గం పెడుతుంది. గేటు దగ్గర మోటారు సైకిళ్ళ మీద కాసుక్కూర్చున్న పెద్దలున్నారే, వాళ్ళలో ఎవరి పిల్లా ఈ బడిలో చదవదు. ఆ సంగతి చివర్లో చెప్పుకుందాం.

కమిటీ అయ్యాక వంట. బళ్ళో మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. 2020లో జగనన్న గోరుముద్ద అయింది. 2024లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. సీతమ్మగారు మన లంకల గన్నవరం ఇల్లాలు. గోదావరి దాటి వచ్చిన బాటసారి ఆకలితో ఉన్నాడా లేదా అని చూసిందే తప్ప, ఎవరి తాలూకని అడగలేదు. ఆవిడ పేరు గోడ మీద రాసిపెట్టుకుని, ఆ గోడ కిందే మనం అడుగుతున్న మొదటి ప్రశ్న: వండే ఆవిడ ఎవరి తాలూకు? ప్రభుత్వం మారినప్పుడల్లా గరిటె చేతులు మారాలని ఒత్తిడి. పొయ్యి దగ్గర పదేళ్ళు పొగ తాగిన మనుషుల్ని రాత్రికి రాత్రి దిగిపొమ్మంటే వంట కార్మికుల సంఘాలు ధర్నాలకు దిగాయి. మధ్యలో నలిగేది హెడ్‌మాస్టరు. పాత మనిషిని ఉంచితే "అటోడు", తీసేస్తే "పేదోళ్ళ పొట్ట కొట్టాడు". పన్నెండున్నరకి గంట కొట్టాలి. సాంబారుకి మాత్రం ఏ పార్టీ సభ్యత్వమూ లేదు. మాడితే అందరికీ మాడుతుంది.

పేర్లు మారడం ఇక్కడితో ఆగలేదు. అమ్మ ఒడి తల్లికి వందనమైంది. విద్యా కానుక విద్యార్థి మిత్ర అయింది. నాడు-నేడు కాస్తా మన బడి-మన భవిష్యత్తు అయింది. అలవాటులో పాత పేరు నోరు జారితే ఫోనులో వీడియో తీసేవాడు సిద్ధంగా ఉంటాడు. గేటుకు రంగు వేయించడం ఇంకో గండం. పంచాయతీ ఆఫీసులకు వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. అప్పటినుంచి మేష్టారు రంగుల షాపుకెళ్ళి పార్టీ లేని డబ్బా అడుగుతున్నాడు. పసుపు వద్దు, నీలం వద్దు, ఆకుపచ్చ వద్దు, ఎరుపు వద్దు, కాషాయం వద్దు. మిగిలింది తెలుపు. అది రెండు వానలకు నాచు పట్టి ఆకుపచ్చగా తేలుతుంది. మళ్ళీ పిటిషన్.

ఇవన్నీ నవ్వుకునే కష్టాలు. నవ్వురానిది ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా పుట్టింది. అంబేడ్కర్ పేరు చేర్చడానికి మే 18న ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చారు. మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి పినిపె విశ్వరూప్ ఇంటికీ, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ నిప్పు పెట్టారు. బస్సులు కాలిపోయాయి. ఇంటర్నెట్ కట్ అయి, ఇంటి నుంచి ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళు సిగ్నల్ కోసం జిల్లా దాటారు. మీరే చేయించారంటే మీరే చేయించారని పార్టీలు తిట్టుకున్నాయి. జూన్ 24న మంత్రివర్గం పేరును ఖాయం చేసింది. పార్టీ గీత కింద అంతకంటే పాత గీత ఒకటి చెరగకుండా ఉందని ఆ నెల రోజుల్లో అందరికీ తెలిసింది. తెలియనట్టు ఉండటం కూడా అందరికీ వచ్చు.

జూలై 5న బళ్ళు తెరిచారు. రెండు పేటల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మేష్టారు బోర్డు మీద తేదీ వేసి, దాని కింద జిల్లా పేరు రాయాలి. పూర్తి పేరు రాస్తే ఒక వీధికి కోపం, పొట్టి చేసి రాస్తే ఇంకో వీధికి కోపం. ఆ పేరు గల మనిషిని చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టారని పిల్లలకు చెప్పాలి. చెప్పడం ఆయన ఉద్యోగం. చెప్పిన సాయంత్రమే "పిల్లలకు రాజకీయాలు నూరిపోస్తున్నాడు" అని వాట్సాప్ గ్రూపులో వస్తుంది. ఇళ్ళు తగలబెట్టడం మనోభావం, పాఠం చెప్పడం రాజకీయం!

బడి అయ్యాక ఆయన ఇంటికెళ్ళడు, డ్యూటీకి వెళతాడు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు, ఈ మూడింటికి తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం షాపుల ముందు క్యూలు సర్దడానికి టీచర్లను వేశారు. అది ఏ విపత్తు కిందికి వస్తుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఓటర్ల జాబితా పని మాత్రం చట్టం ఒప్పుకున్నదే. ఎదురింటాయన చనిపోయాడు, ఓటు తీసేయండని పక్కింటాయన ఫారం-7 పెడతాడు. విచారణకెళ్ళిన మేష్టారికి చనిపోయినాయనే తలుపు తీసి, కుర్చీ వేసి, "నేను పోయానన్నది ఎవరండీ?" అని మర్యాదగా అడుగుతాడు. చెబితే రేపు గొడవ, చెప్పకపోతే మేష్టారే రాసేశాడంటారు. ఇది చాలనట్టు, జనగణనలో కులం లెక్క కూడా తీస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. మే 24 చూసిన వీధుల్లో గడప గడపకీ వెళ్ళి "మీ కులమేవిటండీ?" అని అడిగే పని ఎవరికి పడుతుందో ఊహించడానికి డీఎస్సీ రాయక్కర్లేదు.

మేష్టార్లేం తక్కువ తినలేదు. ఇద్దరున్న స్టాఫ్‌రూములో మూడు సంఘాల క్యాలెండర్లు వేలాడతాయి. ఎమ్మెల్సీ ఎన్నికలొస్తే వాళ్ళూ చీలతారు. కానీ సొంత జీతం అడిగినా వాళ్ళకు పార్టీ అంటగట్టడం ఊరి గొప్ప. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ కోసం చలో విజయవాడ వెళితే ప్రతిపక్షం మనుషులన్నారు. ప్రభుత్వం మారాక బకాయిలు అడిగితే పాత ప్రభుత్వం మనుషులంటున్నారు. మనిషి అక్కడే ఉన్నాడు, బాకీ అక్కడే ఉంది, బురద ఒక్కటే వైపు మార్చుకుంది.

ఒక్కో పిటిషన్ ఖరీదెంతో చూడండి. మెమో వస్తుంది, సంజాయిషీ రాయాలి, ఎంఈఓ ఆఫీసుకు వెళ్ళాలి. ఇద్దరు మేష్టార్ల బడిలో ఒకరు వెళితే మిగిలినాయన ఐదు తరగతుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఎక్కం చదివిస్తాడు. అంటే మన వీధి కక్షకి మూడో తరగతి పిల్ల ఒక భాగహారం చెల్లిస్తుంది. అలా ఏడాదికి ఎన్ని భాగహారాలో ఏ ఆడిటూ రాయదు. సర్కారు బళ్ళో చదువు లేదని తీర్పు చెప్పేది కూడా ఆ పిటిషన్ పెట్టిన చెయ్యే.

ఇప్పుడు గేటు దగ్గరి పెద్దల సంగతి. పొద్దున్న ఏడున్నరకి ఊరి మొదట్లో నిలబడితే ప్రైవేటు బడి బస్సు వస్తుంది. అది పసుపు రంగే గానీ ఫ్యాను వాళ్ళ పిల్లలూ నిస్సంకోచంగా ఎక్కుతారు. గాజుగ్లాసు వాళ్ళబ్బాయి, కమలం వాళ్ళమ్మాయి పక్క పక్క సీట్లలో కూర్చుని ఒకే ప్యాకెట్లో చిప్స్ తింటారు. ఆ బడి కరస్పాండెంటుది ఏ పార్టీ అని ఎవరూ అడగరు. అక్కడ వంటావిడ ఎవరి తాలూకో వాకబు చెయ్యరు. ఫీజు కట్టడానికి రెండు పార్టీల నాయకులూ ఒకే లైన్లో నిలబడతారు, ఒకే గొంతుతో "ఒక్క వారం ఆగండి సార్" అంటారు. ఐక్యత మనకు రాకకాదు. డబ్బు కట్టిన చోట వస్తుంది. యుద్ధం చేసుకోవడానికి మాత్రం ఊరి బడి కావాలి, ఎందుకంటే అక్కడ చదివేది కూలోళ్ళ పిల్లలూ, చేపలోళ్ళ పిల్లలూ కదా, నష్టమేముంది!

అందుకని ఒక చిన్న ప్రతిపాదన. జెండా పట్టుకునే హక్కు ఎవరికైనా ఉంది. బడి గేటు దగ్గర పట్టుకోవాలంటే మాత్రం ఒక అర్హత పెడదాం. ఆ బడి హాజరుపట్టీలో సొంత పిల్లాడి పేరో, మనవరాలి పేరో ఉండాలి. ఉన్నవాళ్ళు కమిటీ గురించి మాట్లాడొచ్చు, సాంబారు గురించి మాట్లాడొచ్చు, మేష్టారి మీద పిటిషన్ కూడా పెట్టొచ్చు. లేనివాళ్ళు బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోవాలి. ఈ నిబంధన వచ్చిన మర్నాడు గేటు దగ్గర ఎంతమంది మిగిలారో లెక్కపెట్టే డ్యూటీ కూడా మేష్టారికే వేయండి. చేతివేళ్ళు చాలతాయి కాబట్టి, ఆ ఒక్క డ్యూటీకీ ఆయన వద్దనడు.