ఫిర్యాదుల పెట్టె చెప్పుకున్న గోడు

నేను రేకు పెట్టెను. నెత్తిన చీటీ పట్టేంత సందు, పక్కన బుల్లి తాళం, ఒంటి మీద తెల్లరంగుతో ‘సలహాలు – ఫిర్యాదులు’ అన్న అక్షరాలు. బజారులో వెల్డింగ్ షాపులో పుట్టాను. పుట్టుక గురించి చెప్పుకోదగ్గది ఒక్కటే: అదే రేకుతో నాతోపాటు తయారైన నా తోబుట్టువు గుడిలో హుండీ అయ్యాడు. వాడి తాళానికి లక్క సీలు, తెరిచే రోజున అధికారులు, పోలీసులు, చుట్టూ జనం. నేనేమో ప్రభుత్వ బాలసదనానికి వచ్చాను. నాలో డబ్బులుండవు కదా!

బాలసదనమంటే అమ్మానాన్నా లేని ఆడపిల్లలుండే చోటని ఊళ్లో అనుకుంటారు. ఇక్కడున్న చాలామందికి ఎవరో ఒకరున్నారు. ఒకరి తల్లి పనికోసం వలస పోయింది. ఒకరి తండ్రి తాగొచ్చి చావబాదుతాడు. ఒకమ్మాయిని పెళ్లిపీటల మీంచి లేపి తీసుకొచ్చారు. ఎవరో పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తారు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు పిల్లను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు కూర్చుని కాగితం రాస్తే, ఆ పిల్ల సంచితో మా గుమ్మమెక్కుతుంది. పిల్లల్ని ఇలాంటి చోట ఉంచడం చిట్టచివరి మార్గం కావాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. చివరిదో మొదటిదో, రాత్రివేళ జీపు దిగిన పిల్లకు ముందు కావలసింది కంచంలో ఇంత అన్నం. మిషన్ వాత్సల్య కింద ఒక్కొక్కరి పోషణకు నెలకు 3,000 రూపాయలు, అంటే రోజుకు వంద. ఆ వందతో ఏమేం కొనొచ్చో బజారుకెళ్లే వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

నేనూ ఊరికే రాలేదు, చట్టప్రకారం వచ్చాను. 2016 నమూనా నిబంధనల్లో నాకో చోటుంది. నన్ను ఆఫీసుకు దూరంగా, పిల్లల గదులకు దగ్గరగా పెట్టాలి. తాళం చెవి నిర్వహణ కమిటీ అధ్యక్షుడైన జిల్లా బాలల సంరక్షణ అధికారి దగ్గరుండాలి. వారానికి ఒక్కసారైనా, పిల్లల కమిటీ సభ్యులు చూస్తుండగా నన్ను తెరవాలి. ఎంత ముచ్చటగా రాశారో! తీరా నన్ను బిగించింది ఎక్కడనుకున్నారు? సరిగ్గా సూపరింటెండెంటు గది ఎదురుగోడకు. “తనిఖీకొచ్చే సార్లకు కనబడాలి గదమ్మా” అన్నాడు మేకు కొట్టినతను. పిల్లలకు నేను కనబడాలనుకుంటే, నా దగ్గరికొచ్చిన పిల్లలు మేడమ్‌కు కనబడేలా పెట్టారు. ఇక ఎవరు రాస్తారు?

అయినా రాశారు. మేడమ్ భోజనానికి లేచినప్పుడు పరుగున వచ్చి వేసిపోయేవాళ్లు. ‘చారు నీళ్లలాగుంది.’ ‘బాత్రూం గొళ్లెం ఊడిపోయింది, ఎవరైనా బయట కాపలా ఉండాల్సొస్తోంది.’ ‘ఆయమ్మ నన్ను పేరుతో పిలవదు, ఫలానా కేసు పిల్ల అంటది.’

నా బతుక్కి గర్వంగా చెప్పుకోవడానికి ఒక్కటుంది. నోటుపుస్తకం అంచు చింపి రాసిన చీటీ అది: ‘మా తమ్మున్ని ఒక్కసారి చూపించండి.’ అక్కాతమ్ముళ్లు ఒకేరోజు దొరికారు. మాది ఆడపిల్లల హోం కనుక వాణ్ని మగపిల్లల హోంకు పంపారు. అప్పుడున్న అధికారి వారం వారం వచ్చేవారు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చీటీలు గట్టిగా చదివేవారు. ఆ చీటీ చదివి కాసేపు మాట్లాడలేదు. నెల తిరక్కుండా తమ్ముణ్ని తీసుకొచ్చారు. వాడు వచ్చినరోజు నా కిందే నిలబడి అక్క జడ పట్టుకు లాగాడు. ఆ అమ్మాయి పేరు అడక్కండి. హోంలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టంలో 74వ సెక్షన్ ఉంది. రేకు పెట్టెకు వర్తించకపోయినా నేను పాటిస్తాను.

ఆ అధికారికి బదిలీ అయింది. తాళం చెవి ఎవరికి అప్పగించారో, అసలు అప్పగించారో లేదో తెలీదు. కొత్తగా వచ్చినవారు నా వంక చూసి, “దీని కీ ఏదమ్మా?” అన్నారు. “మీ ఆఫీసులోనే ఉండాలి సార్” అన్నారు మేడమ్. అంతే.

చీటీలు పడుతూనే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. సందులోంచి బల్లి దూరి గుడ్లు పెట్టింది. వానాకాలం గోడ చెమ్మకు కింది కాగితాలు ముద్దయ్యాయి. నా మెడకు క్యాలెండరు తగిలించారు, ఆ తర్వాత చీపురు. ఒక చిన్నది నన్ను పోస్టు డబ్బా అనుకుని అమ్మకు ఉత్తరం వేసింది. అడ్రసు లేదు, పైన ‘అమ్మకు’ అని మాత్రం ఉంది. ఇంకోదానికి పాలపన్ను ఊడింది. ఇంటికప్పు మీద వెయ్యాలట, మా డాబా ఎత్తేమో దానికందదు. తెచ్చి నాలో వేసింది. ప్రతినెలా మినిట్స్ పుస్తకంలో మాత్రం ‘ఫిర్యాదులు: నిల్’.

2018లో బిహార్‌లోని ముజఫర్‌పుర్ బాలికల వసతి గృహంలో జరిగిన ఘోరం బయటికొచ్చింది. తెచ్చింది నాలాంటి పెట్టె కాదు, తనిఖీకి వెళ్లి పిల్లలతో కూర్చుని మాట్లాడిన టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. ఆ గొడవల్లో అన్నిచోట్లా తనిఖీలు మొదలయ్యాయి. మా దగ్గర ముందురోజు రాత్రే నాకు నీలం రంగు పూశారు. చీపురు తీశారు. తాళం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

చివరికి ఒకరోజు రోకలిబండతో తాళం పగలగొట్టారు. చీటీలు నేలమీద కుప్పపడ్డాయి. రాసినవాళ్లలో కొందరిని ఇళ్లకు పంపేశారు, కొందరికి 18 నిండి వెళ్లిపోయారు. అలా వెళ్లినవాళ్లకు 21 ఏళ్ల వరకూ తర్వాతి సంరక్షణ అందుతుందని నిబంధన. బాత్రూం గొళ్లెం ఊడిందన్న పిల్ల ఇప్పుడెక్కడుందో! గొళ్లెమైతే ఇంకా పెట్టలేదు. ఆయమ్మ చీటీలన్నీ చాటలోకి ఊడ్చుకుపోయింది, అమ్మ ఉత్తరంతో సహా.

ఇప్పుడు నేను స్టోర్‌రూములో బియ్యం బస్తాల వెనక ఉన్నాను. నా తలుపు ఊగిపోతోంది, లోపల కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు దాస్తున్నారు. నా స్థానంలో అద్దంలా మెరిసే ప్లాస్టిక్ పెట్టె వచ్చింది. లోపలి చీటీలు బయటికి కనిపిస్తాయట. రాసినపిల్ల చేతిరాత కూడా కనిపిస్తుందని ఎవరికీ తట్టలేదు. బిగించింది అదే మేడమ్ గది ఎదురుగోడకు. దాని తాళం చెవి ఎవరి దగ్గరుందో కమిటీలో ఉన్న ఆ పిల్లలకైనా చెబితే బాగుండు.