‘ఖర్ ఖర్’ శబ్దానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ సీమకు చెందిన రేడియోహెడ్ అనే అయిదుగురి బృందం 1992 సెప్టెంబరులో ‘క్రీప్’ అనే పాటను సింగిల్‌గా విడుదల చేసింది. సింగిల్ అనగా ఆల్బమ్‌తో పనిలేకుండా విడిగా అమ్మే పాట; ఆల్బమ్‌ను ప్రబంధమనుకుంటే ఇది చాటువు. అయితే ఇక్కడ చాటువే ముందు పుట్టగా, ‘పాబ్లో హనీ’ అనే ప్రబంధం 1993లో దాని వెనుక నడిచివచ్చింది. ఈ బృందానిది ఆల్టర్నేటివ్ రాక్ శాఖ. నలుగురూ వినే పాటను కాదని పక్కదారి పట్టిన రాక్ సంగీతానికి ఆ పేరు వచ్చింది; ఆ పక్కదారిలోనే జనమంతా నడవసాగిన తరువాత కూడా పేరు మార్చుకోకపోవడం శాఖాచారం.

థామ్ యార్క్ రచించిన సాహిత్యం సుబోధం. ఒక యువతిని దూరాన నిలిచి చూస్తూ, ఆమెకు తాను తగనని తన్ను తాను నిందించుకునే యువకుడి మాటలకు వ్యాఖ్యానాపేక్ష లేదు. ‘క్రీప్’ అనే పదానికి క్రియగా పాకడమని, నామవాచకంగా చూడగానే వెగటు పుట్టించే మనిషి అని అర్థాలు. నాయకుడు తనకు తానే పెట్టుకున్న బిరుదు గనుక వివాదానికి తావు లేదు. టీక కావలసింది పల్లవికి ముందు గిటారు చేసే మోతకు.

మూలం: ఖర్, ఖర్.

ప్రతిపదార్థం: ఖర్ = తీగలను ఎడమచేతితో అణచిపెట్టి కుడిచేతితో బలంగా కొట్టగా, నాదాన్ని హద్దు మీరేలా పెంచి గరుకు చేసే డిస్టార్షన్ అనే ప్రక్రియ తోడై పుట్టిన, స్వరస్థానం లేని ధ్వని; ఖర్ = మరల అదియే. రెండవది ఆమ్రేడితం.

తాత్పర్యం: ‘ఈ పాట పాడైపోవుగాక.’ ఇది టీకాకారుడి కల్పన కాదు. పాట మరీ మెత్తగా ఉన్నదని విసిగిన గిటారు వాదకుడు జానీ గ్రీన్‌వుడ్ దానిని చెడగొట్టే ఉద్దేశంతోనే ఈ దెబ్బలు కొట్టాడని సహవాదకుడు ఎడ్ ఓబ్రయన్ సాక్ష్యం ఉన్నది. చెవికి కటువైన శబ్దాన్ని ఆలంకారికులు శ్రుతికటుత్వమనే దోషంగా లెక్కించి, సందర్భం కోరితే అదే గుణమవుతుందని సడలింపు కూడా ఇచ్చారు. ఆ సడలింపు ఇక్కడ పూర్తిగా చెల్లుతుంది. ఎందుకంటే నాయకుడు తన్ను తాను ఎంత నిందించుకున్నా మాటల్లో అది దైన్యంగానే వినిపిస్తుంది తప్ప, అందులోని రోత శ్రోత ఒంటికి తగిలేది ఈ మోతతోనే.

విశేషాలు: పాట పొడుగునా జీ మేజర్, బీ మేజర్, సీ మేజర్, సీ మైనర్ అనే నాలుగు కార్డులే తిరుగుతుంటాయి. కార్డు అనగా ఒక్కసారిగా మోగే స్వరాల గుత్తి. జీని షడ్జమంగా తీసుకుంటే, ఈ గుత్తుల నడుమ ఒక స్వరం పంచమం నుంచి శుద్ధ ధైవతానికి, అక్కడి నుంచి చతుశ్రుతి ధైవతానికి ఎక్కి, ఎక్కిన మెట్ల మీదుగానే దిగిపోతుంది. ఆమె గుమ్మం దాకా పోయి తలుపు తట్టకుండానే మరలివచ్చేవాడికి ఇంతకన్నా తగిన స్వరగతి దొరకదు. ఖర్ ఖర్ వినబడేది కూడా ఆ దిగుడు మొదలైన నాలుగవ కార్డు మీదనే.

ఈ కార్డుల వరుస 1974లో హాలీస్ బృందానికి పేరు తెచ్చిన ‘ది ఎయిర్ దట్ ఐ బ్రీద్’ (నేను పీల్చే గాలి) పాటను పోలి ఉన్నందున, దాని కర్తలు ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్‌ల పేర్లు ‘క్రీప్’ కర్తల జాబితాలో చేరాయి. పీల్చే గాలికీ యజమానులుంటారన్నమాట.

పాఠాంతరం: రేడియో ప్రతిలో ఒక అశ్లీల విశేషణం పోయి ‘వెరీ’ అనే సాధుపదం వచ్చింది. సాధుపాఠంలో ఛందస్సుకు లోటు లేదు గాని, దాని వెంటనే వచ్చే ఖర్ ఖర్‌కు పూర్వరంగం పలచబడింది. అయినా మరీ దిగులు పుట్టించేదిగా ఉన్నదని బీబీసీ రేడియో 1 పాటను ఆదరించలేదు. బ్రిటన్ పాటల పట్టికలో మొదట 78వ స్థానంతో సరిపెట్టుకున్న ఈ పాట, ఇజ్రాయెల్ రేడియోలో, ఆపైన అమెరికాలో ఆదరణ పొంది, 1993లో మళ్లీ విడుదలై 7వ స్థానానికి ఎక్కింది. ఎక్కడికి పోయినా దీనినే పాడమంటున్నారని విసిగిన బృందం, 1994లో ‘మై ఐరన్ లంగ్’ అనే మరో పాట కట్టింది. అందులో ఈ పాటను, రోగికి ఊపిరి పోస్తూనే అతణ్ణి కదలనివ్వని ఇనుప యంత్రంతో పోల్చింది.

చివరి పల్లవి మంద్రంగా సాగుతుంది. దానికి ముందు ఖర్ ఖర్ లేదు. మూలంలో లేనిదాన్ని రాయనన్న సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమాన్ని అనుసరించి టీక కూడా అక్కడ లేదు.