చామదొర

మా నాన్న లెక్కలో కొబ్బరిచెట్టంటే దింపుకి కాయలివ్వాలి. కాపు తగ్గితే కమ్మ పందిరికి, ఈనె చీపురుకి, ఆఖరికి మొద్దయినా కాలవ మీద అడ్డంగా పడి వంతెనగా పనికి రావాలి. అమలాపురం దగ్గర తోట ఉన్న మనిషి. అలాంటాయనకి వీడియో కాల్‌లో నా మొక్కని చూపించి, "నాన్నా, ఇదీ మన చెట్ల జాతే" అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"ఎన్నేళ్లదిరా?"

"నాలుగేళ్లు."

"ఏదీ, ఆ గడ్డి పక్కకి తీసి చూపించు."

"గడ్డి కాదు నాన్నా. మొక్కే అది."

అవతల కాసేపు సిగ్నల్ పోయిందనుకున్నాను. పోలేదు.

దీని అసలు పేరు చామడోరియా ఎలిగన్స్. అమ్మకి సగమే వినబడి, "చామదుంపలేశావా? పులుసు పెట్టుకో, వేడి చేయదు" అంది. మా ఆవిడ ఆ పేరు నోరు తిరగక 'చామదొర' అంది. అదే ఖాయమైంది. గ్రీకులో చామై అంటే నేల మీద, డోరియా అంటే కానుక అట. పళ్లు చేతికందే ఎత్తులోనే కాస్తాయి కాబట్టి ఆ పేరు. దింపు మనిషిని బతిమాలక్కర్లేదన్న మాట. పుట్టిల్లు మెక్సికో దక్షిణాన, గ్వాటెమాలాలో, మహావృక్షాల కింది చీకటి. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు దొరల ముందుగదుల్లో, వెలుతురు సరిగా లేకపోయినా హాయిగా బతికేసిందట. మా ఆవిడకి ఈ సంగతి తెలీకుండానే దొర అంది చూశారా!

షార్జాలో నేనుండేది ఓ పాత విల్లా వెనక గదిలో. ముందు మూడు మంచాలు పట్టేంత పెరడు. చుట్టూ ఎత్తు గోడ, నెత్తిన వేపచెట్టు, పక్కన ఆరంతస్తుల బిల్డింగు. ఎడారి దేశానికొచ్చి ఎండ పడని చోటు వెతికి పట్టుకున్న ఘనత నాది. తులసి పెట్టాను, పోయింది. మందార పెట్టాను, మొగ్గ వెయ్యకుండా మొండికేసింది. చివరికి దుబాయ్ వర్సాన్ నర్సరీలకి వెళ్లి, ఎండ అడగని మొక్క కావాలంటే దుకాణం కుర్రాడు ఈ కుండీ చేతిలో పెట్టాడు. "కాస్త నెమ్మదిగా పెరుగుద్ది సార్" అని హిందీలో చెప్పాడు. ఆ 'కాస్త' దగ్గర నేను ఆగి అడగాల్సింది.

గుబురుగా ఉంది కదా, ఒకటే మొక్క అనుకున్నాను. ఇంటికొచ్చి మట్టి కదిపి చూస్తే పన్నెండు! ఒంటి మొక్క బక్కగా కనిపిస్తుందని నర్సరీలవాళ్లు మొలకల్ని గుత్తిగా నాటి అమ్ముతారట. నాకు రోలాలో నేను మొదట దిగిన గది గుర్తొచ్చింది. పైమంచం, కిందమంచం కలిపి ఎనిమిదిమందిమి. మనిషికో మంచం అద్దె. చామదొరలదీ బెడ్‌స్పేసే.

ఆ జులైలో వాటి గది ఖాళీ అయింది. ఇక్కడ ఎండాకాలం కుళాయి తిప్పితే మేడ మీది ట్యాంకు నీళ్లు పొగలు కక్కుతూ వస్తాయి. గీజరు ఆపేసి, అందులో చల్లారిన నీళ్లనే చన్నీళ్లుగా పోసుకోవడం ఇక్కడి కాపురాల్లో అందరికీ తెలిసిన కిటుకు. స్నానానికి నాకు తెలుసు. మొక్కకి గుర్తు రాలేదు. మిట్టమధ్యాహ్నం కుండీలో పైపు వదిలేసి లోపలికెళ్లి పడుకున్నాను. పదకొండు ఉడికిపోయాయి. తోటకూరైతే తాలింపు పెట్టుకుందును.

మిగిలిన ఒక్కదానికి అప్పట్నుంచి రాజభోగం. ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లు రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్నే పోస్తాను. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 మొదలు 3 గంటల వరకు ఎండలో ఎవరిచేతా పని చేయించకూడదని ఇక్కడ చట్టం. నేనూ ఆ వేళల్లో దాని జోలికి పోను.

ఇంటి యజమాని ఎమిరాతీ పెద్దాయన. ఓసారి అద్దె చెక్కు కోసం వచ్చి, కుండీ దగ్గర వంగి చూసి, "ఖలాస్?" అన్నారు. ఖలాస్ అంటే ఇక్కడ పేరున్న ఖర్జూరం రకం. ఆయన జాతి అడుగుతున్నారనుకుని, "కాదు అర్బాబ్, ఇది ఖర్జూరం కాదు" అంటూ మెక్సికో దగ్గర మొదలెట్టాను. పాపం, పావుగంట విన్నారు. ఆయనడిగింది రెండో అర్థంలో, ప్రాణం పోయిందా అని! మర్నాడు ఓ డబ్బా ఖర్జూరాలు పంపించారు. డబ్బా మీద 'ఖలాస్' అనే ఉంది. బహుమానమో పరామర్శో అడగలేదు.

తాటిజాతి చెట్టంటే ఏమిటో చూడాలంటే అల్ ఐన్ వెళ్లమన్నది ఆయనే. వెళ్లాను. 1,47,000 ఖర్జూరపు చెట్లు, వాటి మధ్య ఫలజ్ కాలవలు. 2011లో యునెస్కో ఆ ఒయాసిస్సునీ వారసత్వ జాబితాలో చేర్చింది. బయట ఎండ మాడుస్తుంటే లోపల తడి నేల వాసన. ఖర్జూరం కింద మామిడి, అరటి. మా తోటలో కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద వేసినట్టే. ఆ నీడలో నిలబడితే నాకు సిగ్గేసింది. వాళ్లవీ, మా నాన్నవీ నీడ పెట్టే చెట్లు. నాది ఇంకొకరి నీడలో తలదాచుకునే చెట్టు. నాలాగే వచ్చినట్టుంది ఈ దేశానికి.

పోనీ, వేగమైనా ఉందా? 2001లో మొదలుపెట్టి, సముద్రంలో ఇసుక పోసి, మొదలూ మట్టలూ తీర్చి, ఐదారేళ్లలో పామ్ జుమైరాలో మనుషుల్ని కాపురం పెట్టించిన ఊరు పక్కనే ఉంది. బుర్జ్ ఖలీఫా 2004లో పునాది వేసి 2010 జనవరిలో తెరిచేశారు. మా దొరగారు ఏడాదికి రెండాకులు వేస్తారు. అదీ మనసుంటే. రెండేళ్లకోసారి వీసా రెన్యువల్‌కి ఫోటో దిగినప్పుడల్లా నా నెత్తిన జుట్టు కొంత తగ్గి ఉంటుంది, కుండీలో నాలుగాకులు పెరిగి ఉంటాయి. మోకాలు మాత్రం ఇంకా దాటలేదు.

మొన్న ఫిబ్రవరిలో ఆకుల సందున సన్నటి రెమ్మ లేచింది. దానికి పసుపుపచ్చటి పూసలు. ఎగిరి గంతేసి ఫోన్ చేశాను.

"పూతొచ్చింది నాన్నా!"

నాలుగేళ్లలో మొదటిసారి ఆయన ముఖంలో ఆ మొక్క పట్ల కాస్త మర్యాద కనబడింది. "పిందె కట్టిందా?"

"కట్టదు. బొప్పాయిలా దీన్లోనూ మగది వేరు, ఆడది వేరు. ఇక్కడున్నది ఒక్కటేగా. వర్సాన్ వెళ్లి జత తేవాలి."

నాన్న మొక్క వైపు కాకుండా నా వెనక తీగ మీద ఆరుతున్న ఒక్క లుంగీ, ఒక్క తువ్వాలు వైపు చూశారు.

"దాని జత సంగతి తర్వాత. కోడలి వీసా ఎంతవరకొచ్చింది?"

ఫ్యామిలీ వీసాకి నెలకి 4,000 దిర్హాముల జీతం చూపించాలి. ఆ గీత దగ్గరికి వస్తున్నాను, వస్తున్నాను అని నేను నాలుగేళ్లుగా చెబుతున్నాను. ఏం చెప్పాలో తోచక ఆకు తుడుస్తూ కూర్చున్నాను.

నాన్న వెనకనుంచి మా ఆవిడ గొంతు వినబడింది.

"తొందరపెట్టకండి మావయ్యగారూ. ఆయన జీతమూ ఆ జాతేగా."